మాటకూ అంకెకూ వారధి – ఆచార్య రంగనాథన్

మన నూజివీడు తోటల్లో కలెక్టరు కాయ అని పిలిచే మామిడిని వ్యాపారులు తోతాపురి అంటారు. కన్నడ దేశంలో అదే బెంగళూరా. బనగానపల్లె పేరు మీద ప్రసిద్ధికెక్కిన పండును హైదరాబాదు బజారులో బేనిషాన్ అని అడుగుతారు. మచ్చ లేనిదని ఆ ఉర్దూ మాటకు అర్థం. తోటలో నిలబడి ఉన్నంతసేపు ఈ పేర్ల వల్ల ఎవరికీ చిక్కు రాదు. కాయను చేతికి తీసుకుంటే సందేహం తీరిపోతుంది. గ్రంథాలయం సంగతి అట్లా కాదు. అక్కడ ముందుగా పలకవలసింది పేరు. కలెక్టరు కాయను గురించి తెలుసుకోగోరి వచ్చిన రైతు ఒక మాట చెబుతాడు. వృక్షశాస్త్రజ్ఞుడు వ్రాసిన పుస్తకం మీద మరొక మాట ఉంటుంది. ఆ పుస్తకాన్ని గ్రంథపాలకుడు వ్యవసాయం, పండ్లతోటలు అనే పెద్ద విభాగాల క్రింద ఒక అంకె వేసి ఏనాడో సర్దివేసి ఉంటాడు. రైతు మాటకూ, శాస్త్రజ్ఞుని మాటకూ, అలమరలోని అంకెకూ నడుమ దారి వేయడం ఎట్లా?

ఈ ప్రశ్నను చేపట్టి, దాదాపు అర్ధ శతాబ్దం పాటు మరొక ధ్యాస లేకుండా జీవించిన మహనీయుడు ఆచార్య శియాలి రామామృత రంగనాథన్. ఏటేటా ఆగస్టు 12న గ్రంథపాలకుల దినోత్సవం నాడు ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తాము, ఆయన చెప్పిన ఐదు సూత్రాలను ఏకరువు పెడతాము. ఆయన జీవితంలో అధిక భాగాన్ని హరించిన అసలు పనిని మాత్రం ఎక్కువగా తలచుకోము. అది కొంచెం కఠినమైన విషయం కావడమే అందుకు కారణం కావచ్చు.

రంగనాథన్ 1892 ఆగస్టులో తంజావూరు జిల్లాలోని శియాలి గ్రామంలో జన్మించారు. ఇప్పటి పేరు శీర్కాళి. తండ్రి రామామృత అయ్యరు భూవసతి గలవారు, ఊరివారికి రామాయణం వినిపించేవారు. కుమారునికి ఆరేళ్ళు నిండేసరికి ఆయన మరణించారు. తల్లి సీతాలక్ష్మి గారి సంరక్షణలో, బడిపంతులైన తాతగారి పర్యవేక్షణలో బాలుడు పెరిగాడు. మాట తడబడే లోపం చిన్ననాటి నుంచీ ఆయనను పీడించేది. తరువాతి కాలంలో పట్టుదలతో దానిని అదుపులోకి తెచ్చుకుని గొప్ప ఉపన్యాసకులుగా పేరు పొందారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం అభ్యసించి 1913లో బి.ఏ., 1916లో ఎం.ఏ. పట్టాలు పొందారు. అక్కడి గణితాచార్యులు ఎడ్వర్డ్ రాస్ పట్ల ఆయనకు కడవరకు గురుభక్తి నిలిచింది. ఆ మీదట సైదాపేట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి, మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రభుత్వ కళాశాలల్లో గణితోపాధ్యాయులుగా పనిచేశారు. ఇక్కడి వరకు ఆయన జీవితం ఆనాటి తెలివైన మధ్యతరగతి యువకుని జీవితమే.

1923లో మద్రాసు విశ్వవిద్యాలయం తన గ్రంథాలయానికి ఒక గ్రంథపాలకుడు కావాలని ప్రకటించింది. సుమారు 900 మంది దరఖాస్తు పెట్టారని చెబుతారు. వారిలో గ్రంథాలయ విద్యలో శిక్షణ పొందినవారు ఎవరూ లేరు. రంగనాథన్ పరిస్థితి అంతకంటె మెరుగు కాదు. పరీక్షాధికారుల ముందుకు పోయే ముందు ఒక ఆంగ్ల విజ్ఞాన సర్వస్వంలో గ్రంథాలయాలను గురించిన వ్యాసం చదువుకున్నారు, అంతే. గణితంలో వ్రాసిన కొన్ని పరిశోధన వ్యాసాలు ఆయనకు ఆ పదవిని సంపాదించి పెట్టాయి. 1924 జనవరిలో పనిలో చేరారు. చేరిన కొద్ది వారాలకే విసుగు పుట్టింది. పాఠం చెప్పడానికి అలవాటు పడిన మనిషికి, చదివేవారు అరుదుగా వచ్చే ఆ గదుల నిశ్శబ్దం భరింపరానిదైంది. తిరిగి గణితం చెప్పుకోనివ్వండని అధికారులను వేడుకున్నారు. ముందు ఇంగ్లండు వెళ్ళి అక్కడి గ్రంథాలయాలను చూచి రమ్మనీ, వచ్చిన తరువాత కూడా మనసు కుదరకపోతే ఉపాధ్యాయ పదవి ఇస్తామనీ వారు ఒప్పందం చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం స్థాపించినది 1926లో. అంతవరకు కోస్తా జిల్లాల తెలుగు విద్యార్థులకు కూడా మద్రాసే విశ్వవిద్యాలయం కాబట్టి, ఆ ఒప్పందం మన పెద్దల చదువుకు కూడా సంబంధించినదే.

లండనులోని యూనివర్సిటీ కళాశాలలో గ్రంథాలయ విద్య నేర్చుకున్నారు. పరీక్షల్లో వచ్చిన మార్కులు సామాన్యమైనవే. క్రోయిడన్ నగర గ్రంథపాలకులు బెర్విక్ సేయర్స్ ఆయనకు వర్గీకరణ శాస్త్రం బోధించారు. తరగతి గదిలో నేర్చుకున్నదాని కంటె ఊరూరా తిరిగి చూచిన వందకు పైగా గ్రంథాలయాలు ఆయనకు ఎక్కువ నేర్పాయి. పెద్ద గ్రంథాలయాల్లోను, కార్మికులు చదువుకునే చిన్న శాఖల్లోను ఒకే లోపం కనిపించింది. పుస్తకాలు పెరుగుతున్నాయి, విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొత్త విషయాలు పుడుతున్నాయి. వాటిని సర్దే పట్టికలు మాత్రం ముందుగా గీసిన గళ్ళ వంటివి.

ఆ పట్టికల్లో ప్రసిద్ధమైనది అమెరికా దేశస్థుడు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ. సమస్త విజ్ఞానాన్ని పది తరగతులుగా, ఒక్కొక్క తరగతిని మరల పదేసి భాగాలుగా విభజించుకుంటూ పోవడం దాని పద్ధతి. 600 సాంకేతిక శాస్త్రాలు, 630 వ్యవసాయం, 634 పండ్లతోటలు. ఎంతో సులభమైన ఏర్పాటు. నేటికీ మన గ్రంథాలయాలలో అనేకం దానినే అనుసరిస్తున్నాయి. అయితే పదికి పది అని ముందుగానే చోట్లు పంచిపెట్టినందువల్ల పంచినవాని ఇల్లు విశాలంగాను, తక్కినవారి ఇళ్ళు ఇరుకుగాను ఏర్పడ్డాయి. ఆంగ్ల సాహిత్యానికి 820 అని మూడంకెలు చాలాయి. తెలుగు సాహిత్యానికి 894.827, ఉర్దూ సాహిత్యానికి 891.439 అని ఆరేసి అంకెలు వ్రాయాలి. మన కళాశాల వంటి చోట, అలమరలోని పుస్తకాల్లో ఎక్కువ పాలు ఈ రెండు భాషలవే అయినప్పుడు, ఆ చిన్న సంగతి రోజూ గ్రంథపాలకుని కలాన్ని అరగదీస్తూనే ఉంటుంది. ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. పట్టిక తయారు చేసినవాడు ఊహించని విషయం మీద పుస్తకం వస్తే దానికి చోటు లేదు. వైద్యుడు, ఇంజనీరు, పైరు పండించేవాడు రోజుకొక కొత్త మాట పుట్టిస్తుంటారు. సాధారణ పట్టిక వారి వెనుక పరుగెత్తలేదు.

లండనులోని సెల్‌ఫ్రిడ్జ్ అంగడిలో ఒకనాడు ఆయన పిల్లల ఆటవస్తువును ప్రదర్శించడం చూశారు. మెకానో అని దాని పేరు. చిల్లులు గల ఇనుప పట్టీలు, చక్రాలు, కడ్డీలు, వాటిని బిగించే మరలు ఒక పెట్టెలో ఉంటాయి. అవే ముక్కలతో ఒకసారి బండి, మరొకసారి వంతెన, ఇంకొకసారి బరువులెత్తే యంత్రం తయారవుతాయి. ఏ బొమ్మకు ఆ బొమ్మను వేరే కొననక్కరలేదు. విషయాలను కూడా ఇట్లా ముక్కలుగా విడదీసి ఉంచుకుంటే, పుస్తకం చేతికి వచ్చినప్పుడు తగిన ముక్కలను మరతో బిగించి దాని సంఖ్యను తయారు చేసుకోవచ్చునని గణితోపాధ్యాయునికి తోచింది. మరకు బదులుగా రెండు చుక్కల గుర్తును, అనగా కోలన్‌ను, ఎన్నుకున్నారు. 1925లో తిరుగు ప్రయాణంలో ఓడలోని చిన్న గ్రంథాలయం మీదనే ఆ ఊహను ప్రయోగించి చూశారట. మద్రాసులో దిగేనాటికి ఉపాధ్యాయ పదవి మాట ఆయన మరచిపోయారు.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఒక్క సెలవు కూడా పుచ్చుకోలేదని ప్రసిద్ధి. చదివేవారిని రప్పించడం, పుస్తకాలను బీరువాల తాళాల నుంచి విడిపించి పాఠకుల చేతికి అందేటట్టు అమర్చడం, విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేపాకంలో సముద్రం ఎదుట 1936లో కొత్త భవనం ఏర్పడేవరకు శ్రమించడం, ఇవన్నీ పగటి పనులు. రాత్రులు వర్గీకరణకు.

ఇంటి జీవితం ఇందులో ఎంత నలిగిందో ఊహించుకోవలసిందే. 1928లో ఆయన మొదటి భార్య రుక్మిణి గారు తిరువళ్ళిక్కేణి పార్థసారథి దేవాలయం కోనేటిలో ప్రమాదవశాత్తు మరణించారు. మద్రాసు గ్రంథాలయ సంఘం పుట్టినదీ, గురువు రాస్ గారితో సంభాషణలో ఐదు సూత్రాలకు మొదటిది స్ఫురించినదీ ఆ సంవత్సరమే. పుస్తకాలు దాచుకోవడానికి కావు, వాడుకోవడానికి అన్నది ఆ సూత్రం సారాంశం. చదువరికి తగిన పుస్తకం, పుస్తకానికి తగిన చదువరి, చదువరి కాలాన్ని ఆదా చేయడం, గ్రంథాలయం నిత్యం పెరిగే ప్రాణి వంటిదని గుర్తించడం తక్కిన నాలుగింటి తాత్పర్యం. ఆ గ్రంథం 1931లో వెలువడింది. 1929లో ఆయన వివాహమాడిన శారద గారు ఇంటి బరువు సమస్తం తానే మోసి, భర్తను ఆయన అంకెలకు వదిలిపెట్టారు. ఆ గృహిణి త్యాగాన్ని గురించి గ్రంథాలయ సభల్లో ఎవరూ ఎక్కువగా మాట్లాడరు.

1933లో కోలన్ వర్గీకరణ అచ్చయింది. దాని తత్వాన్ని ఒక ఉదాహరణతో చెప్పడం మంచిది. గ్రంథాలయ విద్యార్థులందరికీ తెలిసినదే. 1950 దశకంలో భారతదేశంలో ఊపిరితిత్తుల క్షయవ్యాధికి ఎక్స్‌రే కిరణాలతో చేసే చికిత్సపై జరిగిన పరిశోధన అనే విషయం ఉన్నదనుకోండి. ఇంత పొడవైన విషయాన్ని ఏ పట్టికా ముందుగా వ్రాసి ఉంచుకోలేదు. రంగనాథన్ గారి పద్ధతిలో వైద్యానికి ఎల్ అనే అక్షరం. ఊపిరితిత్తులకు 45. క్షయకు 421, ఇందులో మొదటి 4 అంటే వ్యాధి. చికిత్సకు 6. ఎక్స్‌రేకు 253. పరిశోధనకు ఎఫ్ అనే చిన్న అక్షరం. భారతదేశానికి 44. ఆ దశకానికి ఎన్5. వీటి నడుమ కామా, సెమికోలన్, కోలన్, చుక్క వంటి గుర్తులు పెడితే పుస్తకం సంఖ్య తయారు. వస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం అని ఏ విషయానికైనా ఐదు పార్శ్వాలకు మించి ఉండవని ఆయన సిద్ధాంతం. ఒక్కొక్క పార్శ్వానికి ఒక్కొక్క గుర్తును కేటాయించినది 1952 నాటి నాలుగవ ముద్రణలో.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వ్యాధికి 4 అని వైద్యంలో ఉన్నట్లే వ్యవసాయంలో కూడా ఉన్నది. వ్యవసాయానికి జె అనే అక్షరం పెట్టి, పైరు అంకె చేర్చి, తెగులుకు 4 వేస్తే చాలు. అనగా వైద్యుని మాటల పట్టికా, రైతు మాటల పట్టికా ఎవరికి వారివే అయినా, రెండింటినీ కలిపే చట్రం ఒక్కటే. ప్రత్యేక శాస్త్రం తన సొంత మాటలను వదులుకోనక్కరలేదు, సాధారణ గ్రంథాలయం తన క్రమాన్ని చెడగొట్టుకోనక్కరలేదు. భాష విషయంలో కూడా ఆయన చేసిన ఏర్పాటు మెచ్చదగినది. విషయానికి వేసే సంఖ్యలో భాష ప్రసక్తి లేదు; అది పుస్తకపు సంఖ్యలోకి, అనగా తరువాతి వరుసలోకి పోతుంది. అందుచేత బీజగణితంపై ఉర్దూలో వ్రాసిన పుస్తకం, తెలుగులో వ్రాసిన పుస్తకం ఒకే అరలో ప్రక్కప్రక్కనే నిలుస్తాయి. సాహిత్యం దీనికి మినహాయింపు. అక్కడ భాషే వస్తువు.

సంఖ్య తయారయింది సరే, దానిని పాఠకుడు ఎట్లా పట్టుకుంటాడు? గ్రంథాలయానికి వచ్చే మనిషి అంకెలతో ఆలోచించడు, మాటలతో ఆలోచిస్తాడు. రంగనాథన్ గారి ప్రతిభకు శిఖరమని నాకు తోచేది ఈ ప్రశ్నకు ఆయన 1930లలో కనిపెట్టిన గొలుసు పద్ధతి. దానిని మన తోటలకు అన్వయించి చూపుతాను. మామిడి పూత మీద వాలి రసం పీల్చే ఒక చిన్న పురుగు ఉన్నది. అది విసర్జించే తియ్యని జిగురు ఆకుల మీద, పూత మీద పడి, దానిపై నల్లని బూజు పడుతుంది. ఆ జిగురును బట్టే మన రైతులు దానిని తేనెమంచు పురుగు అంటారు. పూత కాలంలో అది కనిపించిన తోటలో ఆ ఏడాది కాపు ఏమవుతుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. దానిపై వ్రాసిన పుస్తకం సంఖ్యను విప్పితే వ్యవసాయం, పండ్లతోటలు, మామిడి, పురుగులు, తేనెమంచు పురుగు అని ఐదు లంకెల గొలుసు వస్తుంది. గ్రంథపాలకుడు ఆ గొలుసును చివరి లంకె నుంచి వెనుకకు నడుస్తూ ఒక్కొక్క లంకెకు ఒక్కొక్క చీటీ వ్రాస్తాడు. తేనెమంచు పురుగు, మామిడి అని ఒకటి. పురుగులు, మామిడి అని మరొకటి. మామిడి, పండ్లతోటలు అని వేరొకటి. పండ్లతోటలు, వ్యవసాయం అని ఇంకొకటి. వ్యవసాయం అని చివరిది. ప్రతి చీటీ మీద ఆ లంకె వరకు ఉన్న సంఖ్య వ్రాసి, చీటీలను అకారాది క్రమంలో పెడతాడు. తేనెమంచు అనే మాట ఒక్కటే తెలిసిన రైతు తిన్నగా ఆ పుస్తకం దగ్గరకు చేరతాడు. మామిడి అని మాత్రమే చెప్పగల విద్యార్థి మామిడి పుస్తకాలన్నీ ఉన్న అరకు చేరి, అక్కడ కళ్ళతో వెదుక్కుంటాడు. బేనిషాన్ అని ఒక చీటీ వ్రాసి, బంగినపల్లి సంఖ్యనే దాని మీద వేస్తే హైదరాబాదు నుంచి వచ్చినవాడు కూడా దారి తప్పడు. చీటీలకు ఏ మాటలు ఎన్నుకోవాలన్నది గ్రంథపాలకుని ఇష్టానికి వదలలేదు. సంఖ్యే ఆ మాటలను చెబుతుంది. ఈ పద్ధతిలోని అందమంతా అక్కడే ఉంది.

ఇది కాగితం మీద మిగిలిపోయిన ఊహ కాదు. 1950లో ప్రారంభమైన బ్రిటిష్ జాతీయ గ్రంథసూచి ఆ దేశంలో అచ్చయ్యే పుస్తకాలను డ్యూయీ అంకెల ప్రకారం ప్రకటిస్తూ, విషయాల అకారాది పట్టికను 1970 వరకు రంగనాథన్ గారి గొలుసు పద్ధతిలోనే తయారు చేసింది. చదువుకోవడానికి మన దేశం నుంచి వెళ్ళినవాని పద్ధతిని, చదువు చెప్పిన దేశం ఇరవై ఏళ్ళు వాడుకున్నది.

1945లో విశ్వవిద్యాలయం అధికారులతో అభిప్రాయభేదాలు ఏర్పడగా ఆయన మద్రాసు వదిలారు. వయసు యాభైమూడు. పుస్తక ప్రపంచం నుంచి తప్పుకుని విశ్రాంతి తీసుకోవచ్చు. ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి పోయి, సుమారు లక్ష పుస్తకాలను, సహాయకులు లేకుండా, తన పద్ధతిలో తానే వర్గీకరించారు. మొండితనమనాలో, తపస్సనాలో తెలియదు. 1947లో ఢిల్లీ చేరి అక్కడి విశ్వవిద్యాలయంలో 1954 వరకు ఆచార్యులుగా ఉన్నారు.

ఈ నడుమ ఆయన చేసిన మరొక మేలు మన జిల్లాలను నేరుగా తాకింది. గ్రంథాలయాలు దాతల దయ మీద కాక చట్టం మీద నిలవాలని 1930లోనే కాశీ విద్యా మహాసభలో నమూనా చట్టాన్ని ప్రతిపాదించారు. దాని ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి, ప్రతి జిల్లాకూ గ్రంథాలయ సంస్థను ఏర్పరచినది ఆ చట్టమే. కృష్ణా జిల్లాతో సహా కోస్తా జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలోనివి. 1960లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసుకునేవరకు ఇక్కడ అమలులో ఉన్నది అదే. అయితే మన ప్రాంతంలో విత్తనం నాటినది రంగనాథన్ కాదని కూడా చెప్పాలి. ఆయన గ్రంథాలయ వృత్తిలోకి రావడానికి పదేళ్ళ ముందే, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. గ్రంథాలయ పితామహులని పేరొందిన అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా చదువు గదులు తెరిపించారు. పుస్తకాన్ని ప్రజల దగ్గరకు చేర్చాలన్న తపన వారిది. చేర్చిన పుస్తకంలో కావలసిన దానిని ఎట్లా పట్టుకోవాలన్న శాస్త్రం ఈయనది.

ఢిల్లీ రోజుల నాటికి రంగనాథన్ దృష్టి పుస్తకాల నుంచి పరిశోధన వ్యాసాల వైపు మళ్ళింది. ఒక పుస్తకానికి మామిడి అని సంఖ్య వేస్తే చాలును. ఆరు పుటల వ్యాసం మామిడిలో ఒక రకాన్ని, దాని మీద ఒక తెగులును, ఆ తెగులుకు ఒక మందును గురించి మాత్రమే మాట్లాడుతుంది. అంత లోతుకు దిగాలంటే ఒక్కొక్క శాస్త్రానికి దాని నిపుణుల మాటలతోనే ప్రత్యేక పట్టికలు తయారు కావాలి. ఆ పట్టికలు మరల సాధారణ చట్రంలో ఇమడాలి. దీనికి ఆయన గభీర వర్గీకరణ అని చెప్పదగిన పేరు పెట్టి, 1953లో ఆ విషయంపై గ్రంథం వెలువరించారు. లండనులో 1952లో ఏర్పడిన వర్గీకరణ పరిశోధక బృందం ఈ పార్శ్వాల పద్ధతిని అందిపుచ్చుకుని, ఇంజనీరింగు వంటి ప్రత్యేక రంగాలకు పట్టికలు నిర్మించింది. 1957లో ఇంగ్లండులోని డార్కింగ్‌లో వర్గీకరణపై జరిగిన అంతర్జాతీయ సమావేశంలో రంగనాథన్ పాల్గొన్నారు. అటుపిమ్మట 1969లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ అనే యంత్ర నిర్మాణ సంస్థ కోసం జీన్ ఏచిసన్ నాయకత్వాన ఒక కోశం తయారైంది. అందులో ఒక వైపు అంకెల వర్గీకరణ, మరొక వైపు నిపుణుల మాటల అకారాది కోశం. ఏ మాట పట్టుకున్నా దాని అంకె, ఏ అంకె పట్టుకున్నా దాని మాట దొరుకుతాయి. శియాలి గ్రామస్థుని ఊహ యంత్రశాలకు చేరిన వైనం ఇది.

1955 నుంచి రెండేళ్ళు స్విట్జర్లండులోని జూరిచ్‌లో ఉండి గ్రంథరచన సాగించారు. 1957లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. జీవితకాలం కూడబెట్టిన ధనంలో లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చి, భార్య శారద గారి పేరు కూడా కలిపి గ్రంథాలయ శాస్త్రాచార్య పీఠం నెలకొల్పారు. తనను బాధపెట్టి పంపిన చోటికే ఈ దానం! విలాసమెరుగని మనిషి అని చెప్పుకునే మాట నమ్మదగినదే అనిపిస్తుంది.

చివరి దశ బెంగుళూరులో గడిచింది. 1962లో భారతీయ గణాంక సంస్థ అండతో అక్కడ ప్రలేఖన పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని స్థాపించారు. అక్కడ ఆయన చుట్టూ చేరిన యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క పరిశ్రమ మాటలను, ఒక్కొక్క శాస్త్రం మాటలను సేకరించి పట్టికలు కట్టారు. వారిలో గణేశ్ భట్టాచార్య వర్గీకరణనూ పర్యాయపద కోశాన్నీ ఒకటిగా చేసి క్లాసారస్ అనే కొత్త సాధనాన్ని రూపొందించారు. 1965లో కేంద్ర ప్రభుత్వం రంగనాథన్ గారిని జాతీయ పరిశోధనాచార్యులుగా నియమించింది. 1967లో, వర్గీకరణ తత్వంపై తన పెద్ద గ్రంథం మూడవ ముద్రణతో పాటు, గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ జీవితాన్ని కూడా వెలువరించారు. మొదటి ప్రేమ అయిన గణితాన్ని ఆయన మరచిపోలేదు.

ఆయనలో లోపాలు లేవని చెప్పడం సత్యానికి ద్రోహం. కోలన్ సంఖ్యలు చూపుకు భయపెడతాయి. పుస్తకం వీపు మీద అంత పొడవైన సంఖ్య వ్రాయడానికి చోటుండదు. అది చదివి అలమరలో పుస్తకాన్ని మరల సర్దవలసిన అటెండరు ఏ విశ్వవిద్యాలయంలోను చదువుకున్నవాడు కాదు. పైగా ప్రతి ముద్రణకూ ఆయన తన పట్టికను మార్చుతూ పోయారు. నమ్మి అనుసరించిన గ్రంథాలయాలు వేలాది పుస్తకాల సంఖ్యలను తుడిచి మరల వ్రాసుకోవలసి వచ్చేది. చదువరి కాలాన్ని ఆదా చేయమన్న సూత్రకర్త గ్రంథపాలకుని కాలాన్ని అంతగా లెక్కచేయలేదు. అందువల్లనే స్వదేశంలో సైతం చాలా గ్రంథాలయాలు డ్యూయీని విడువలేదు. పట్టిక ఓడిపోయింది, పద్ధతి గెలిచింది అని నా అభిప్రాయం. డ్యూయీ పట్టికలోనూ, ఐరోపాలోని సార్వత్రిక దశాంశ వర్గీకరణలోనూ తరువాత వచ్చిన సవరణల్లో విషయాన్ని ముక్కలుగా కూర్చుకునే వీలు క్రమంగా పెరిగింది.

1972 సెప్టెంబరు 27న, ఎనభై ఏళ్ళు నిండిన కొద్ది వారాలకు, బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. కోలన్ వర్గీకరణ ఏడవ ముద్రణ పని అప్పటికి పూర్తి కాలేదు, శిష్యులు ఎం. ఏ. గోపీనాథ్ సంపాదకత్వంలో అది 1987లో వెలువడింది.

కంప్యూటరు వచ్చిన తరువాత చీటీలు పోయాయి, అలమరల అవసరం కూడా తగ్గింది. ఐనా మాటకూ స్థానానికీ నడుమ దారి వేయడం తప్పలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1980ల ప్రారంభంలో ఆగ్రోవాక్ అనే వ్యవసాయ పదకోశాన్ని నిర్మించింది. మొదట కొద్ది ఐరోపా భాషల్లో ఉన్న ఆ కోశంలో ఇప్పుడు అనేక భాషలున్నాయి. తెలుగు కూడా వాటిలో ఒకటి. అందులో ప్రతి భావానికీ ఏ భాషకూ చెందని ఒక అంకె స్థానంగా ఉంటుంది. వివిధ భాషల వారు పెట్టుకున్న పేర్లన్నీ ఆ స్థానానికి అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ స్థానాల్లో కొన్నింటిని అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయపు విషయశీర్షికలతోను, డ్యూయీ వర్గీకరణ అంకెలతోను కూడా ముడివేశారు.